మంజుల దారి తప్పలేదు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. మా ఊరివాళ్ళకి చెప్తే సగం వినకముందే మా అవ్వ దగ్గరికి పరిగెత్తుతారు. సైకిల్ క్యాంపు వాళ్ళకి చెప్తే నవ్వుతారు. నేను పదో తరగతితో ఆపేసిన దాన్ని, రాయడం అలవాటు లేదు. మాట్లాడమంటే మాత్రం పొద్దుగూకేదాకా మాట్లాడతాను, నా నోటికి మూత లేదని మా బాపు అంటుంటాడు. అంత నోరున్న దాన్ని ఈ ఒక్క మాట ఇన్నేళ్ళు మింగి కూర్చున్నాను. అన్నం తింటుంటే అడ్డం పడుతుంది. నవ్వుతుంటే అడ్డం పడుతుంది. ఎవరైనా నన్ను మంచిదానివి అంటే అప్పుడు మరీ.

ముందే చెప్తున్నా, నా మీద జాలి పడొద్దు. నాకు కోపంగా ఉంది. క్యాంపు సార్ మీద కోపం. పట్నం నుంచి వచ్చి మా గుట్టల మీద ఫొటోలు దిగేవాళ్ళ మీద కోపం. మంజుల మీద కూడా కోపమే, ఎందుకో తర్వాత చెప్తాను. అందరికంటే ఎక్కువ నా మీద.

మాది సురంగల్‌కి అవతల ఒక ఊరు. ఊరి వెనక గుట్ట, గుట్ట కింద ఈసీ. మ్యాపుల్లో నది అని ఉంటుందట, మాకైతే అది వాగు. దాని ఒడ్డు పొడవునా ఎడ్లబండ్లు తిరిగి తిరిగి పడ్డ బాటలు, గొర్లు దిగే సందులు, ఇళ్ళంతేసి గుండ్లు. మాకు అవి పొలాలకి పోయే తొవ్వలు. పట్నం వాళ్ళకి అవి ట్రెయిల్స్. లావు టైర్ల సైకిళ్ళు కార్ల నెత్తిన కట్టుకుని శని, ఆదివారాలు వస్తారు. రాళ్ళ మీద నుంచి దూకుతారు, పడతారు, మోకాళ్ళు చీరుకుపోతే సంబరంగా చూపించుకుంటారు. వాళ్ళ కోసమే ఒక సార్ మా ఊరి చివర ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకుని క్యాంపు పెట్టాడు. ఆయన పేరు రాయను. మంచోడే. ఆ మంచితనమే నాకు మంట.

నేను క్యాంపులో వంటింట్లో ఉండేదాన్ని. మంజుల సైకిళ్ళకి అంటిన మట్టి కడిగేది. మా ఇద్దరి ఇళ్ళ మధ్య ఒక గోడే అడ్డం. మా అవ్వ, అంటే నన్ను కన్నామె, వాళ్ళ అమ్మ అంజమ్మ చిన్నమ్మ కలిసే టమాట తోటల్లోకి కూలికి పోయేవాళ్ళు. మేమిద్దరం ఒకరి పేన్లు ఒకరం చూసుకుని పెరిగినవాళ్ళం. మధ్యాహ్నం క్యాంపు ఖాళీగా ఉన్నప్పుడు సార్ మమ్మల్ని తొక్కుకోమనేవాడు. అట్లా నేర్చుకున్నాం. నేర్చుకున్నాం అంటే మంజుల నేర్చుకుంది, నాకు అది నేర్పింది.

అది దిగుతుంటే మీరు చూడాల్సింది. సీటు వదిలి నడుం వెనక్కి జరిపి, మోకాళ్ళు వదులుగా పెట్టి, గుండు మీద నుంచి గుండు మీదికి నీళ్ళు జారినట్టు జారేది. ఖరీదు బూట్ల వాళ్ళు సైకిల్ చేత్తో పట్టుకుని దిగే చోట అది ముందు బ్రేకు ముట్టుకునేది కాదు. నాకు కాళ్ళు వణికేవి. కిందికి చూసేదాన్ని. చూపు ఎటు పోతే చక్రం అటే పోతుందని, ముందుకు చూడమని వెనక నుంచి అరిచేది. నేను కిందికే చూసేదాన్ని, రాయి మీదికే పోయేదాన్ని.

ఒకరోజు పట్నం వాళ్ళంతా చాయ్ తాగుతుంటే సార్ నన్ను అడిగాడు, నువ్వెంతవరకు నేర్చుకున్నావని. నేను నోరు తెరిచేలోపు మంజుల అంది:

"దీనికి సైకిల్ ఎందుకు సార్. రెండు బ్రేకులియ్యున్రి, పట్టుకొని కూసుంటది."

అందరూ పగలబడి నవ్వారు. మంజుల కూడా నవ్వి నా భుజం మీద చెయ్యేసింది. దానికి అది మామూలు మాట. మా మధ్య అంతకంటే పెద్ద మాటలు రోజూ నడిచేవి. కానీ ఆ రోజు వాళ్ళ ముందు అన్నది. నా చేతిలో చాయ్ ట్రే. కప్పులు ఎత్తుకోవడానికి ఒక్కొక్కరి ముందూ వంగాలి, ఒక్కొక్కరి మొహంలోనూ ఆ నవ్వు ఇంకా ఉంది. మంజుల మీద నాకు కోపం అని పైన రాశాను కదా. ఆ కోపం అప్పటిది. ఇప్పటికీ చల్లారలేదు. సిగ్గులేని కోపం. నేను చేసినదాని పక్కన పెట్టి చూస్తే ఆ మాట ఎంత? ఆవగింజంత. అయినా ఉంది. ఉన్నదాన్ని లేదని మళ్ళీ అబద్ధం చెప్పలేను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి క్యాంపులో పోటీ పెట్టారు. పట్నం ఆడవాళ్ళకి కప్పు. మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లల్లో ఎవరు ముందొస్తే వాళ్ళకి క్యాంపులో గైడ్ ఉద్యోగం, అంతకుముందు కొండల ఊరికి పంపి ట్రైనింగ్. ఎవరు ముందొస్తారో అందరికీ తెలుసు. సార్ మంజులని అప్పుడే బూట్ల సైజు అడిగాడు. నాతో ఏమన్నాడో తెలుసా? నీ చేతి నిమ్మరసం సూపర్ చెల్లె, పోటీ రోజు ఆ డిపార్ట్‌మెంట్ నీదే అన్నాడు. పొగిడాడన్నమాట. కలిపి పెట్టి నేనూ పోటీకి వస్తా సార్ అన్నాను. రా, సరదాగా ఉంటుంది అన్నాడు. సరదా.

పోటీ పెట్టిన ఆదివారం అమావాస్య. పట్నం వాళ్ళకేం తెలుసు. మా దగ్గర ఆదివారం అమావాస్య వస్తే పిల్లలకి, గొడ్లకి, కొత్త బండ్లకి దిష్టి తీసి మూడు బాటలు కలిసే కాడ పెడతారు. కోసిన నిమ్మకాయల్లో కుంకుమ, ఒక కోడిగుడ్డు, పసుపు సున్నం కలిపిన ఎర్రబువ్వ. దాన్ని తొక్కకూడదు, దాటకూడదు. వేరే ఊళ్ళ నుంచి పేరిచ్చిన ఆడపిల్లల్ని ఇళ్ళల్లో అమాస అని ఆపేశారు. మిగిలింది మేమిద్దరమే. అంజమ్మ చిన్నమ్మ కూడా వద్దంది. మంజుల వినలేదు.

మంజుల చిన్నప్పుడు బడికి పోతూ ఒకసారి అట్లాంటి నిమ్మకాయ తొక్కింది. తర్వాత జ్వరం వచ్చి చాలా రోజులు దవాఖానలో ఉంది. దోమకాటు జ్వరమో ఇంకేదో, అంజమ్మ చిన్నమ్మ మాత్రం నిమ్మకాయ వల్లే అంది. అప్పటి నుంచి తొవ్వలో మామూలు ఎండు నిమ్మకాయ పడి ఉన్నా మంజుల దాటదు. గుండ్ల మీద నుంచి దూకే పిల్ల, నిమ్మకాయ దాటదు. ఊరంతటికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. చెయ్యి పట్టుకుని పక్క తొవ్వన చుట్టూ తిప్పి దాన్ని బడికి తీసుకుపోయింది నేనే.

ఇక మీకు అర్థమైపోయి ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి కదా, దానికే కదా కూర్చున్నాను.

పొద్దున్నే నిమ్మరసం క్యాన్లు పెట్టడానికి నన్ను గుట్ట మీదికి పంపారు. క్యాంపు వంటింటి సంచిలో నుంచి నిమ్మకాయలు, గుడ్డు తీసుకున్నాను. ఎర్రబువ్వ మా ఇంట్లో కలిపాను, కుంకుమ మా దేవుడి గూట్లోది. గుట్ట దిగిన చోట బాట రెండుగా చీలుతుంది. ఒకటి నేరుగా వాగులోకి, అదే పోటీ బాట. ఇంకోటి ప్లాట్ల కంచె చుట్టూ తిరిగి తారు రోడ్డు ఎక్కుతుంది. అక్కడ రెండు పక్కలా సర్కారు తుమ్మ, పక్క నుంచి పోవడానికి జానెడు జాగా లేదు. వాగు బాటకి అడ్డంగా పెట్టాను. చేతులు వణకలేదు. అది నాకు బాగా గుర్తు. సైకిల్ మీద వణికే చేతులు అప్పుడు వణకలేదు. పట్నం ఆడవాళ్ళకి అది చెత్త, పైనుంచి సైకిల్ దూకించి పోతారు. ఆగేది మంజుల ఒక్కతే. లోకంలో ఇంకెవరికీ పనిచేయని వల, ఒక్క నా దోస్తు కోసం పన్నాను.

పట్నం వాళ్ళని ముందు వదిలారు. తర్వాత మంజుల. దాని వెనక నేను. గుట్ట మీద నుంచి అది దిగుతుంటే పైనుంచి చూశాను, దుమ్ము తోక లాగా లేస్తోంది. నేను చీలిక దగ్గరికి వచ్చేసరికి ఎర్రమట్టిలో చక్రం గీసుకుపోయిన గుర్తు, కాలు మోపిన గుర్తు. అక్కడి నుంచి చక్రం ప్లాట్ల వైపు తిరిగింది. దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. గట్టిగా పిలిస్తే వినిపించేది. పిలవలేదు.

ఇప్పుడు నేను దాటాలి. నేను పెట్టినవే. ఏ దిష్టీ తీయలేదు, ఏ మంత్రమూ లేదు, మా వంటింటి నిమ్మకాయలు. అయినా కళ్ళు మూసుకుని, రెండు కాళ్ళూ పైకెత్తి దాటాను. చూడండి, నాకే అంత భయమైతే దాని భయం ఎంతో నాకు తెలియదని ఎట్లా అంటాను?

మంజుల తారు రోడ్డు మీద నుంచి వెనక వైపుగా వచ్చింది. వాగు దగ్గర చేతికి ముద్ర వేసేవాళ్ళని దాటలేదు కాబట్టి లెక్కలోకి రాదన్నారు. సార్ నడుం మీద చేతులు పెట్టుకుని, సొంత ఊళ్ళో తొవ్వ తప్పినవా తల్లీ అన్నాడు. పెద్ద నవ్వు. మంజుల సైకిల్ కడగడానికి తీసుకుపోయింది. ఏమని చెప్తుంది? ఆ నల్లద్దాలోళ్ళ ముందు నిమ్మకాయలు చూసి ఆగినానని చెప్తుందా? చెప్పుకోలేకపోతుందని కూడా నేను ముందే అనుకున్నానా అని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. చాలాకాలం లేదు అని జవాబిచ్చుకున్నాను. అనుకున్నాను. అనుకునే పెట్టాను.

నిమ్మకాయలే కదా అంటారేమో. నేనూ అట్లాగే సర్దిచెప్పుకున్నాను. కానీ అసలు తప్పు ఇంకా చెప్పలేదు.

పోటీ అయ్యాక చెట్లకి కట్టిన రిబ్బన్లు విప్పాలి. నేను పోతానని ముందుకొచ్చాను. ఎంత పనిమంతురాలో అన్నారు. రిబ్బన్లతో పాటు నిమ్మకాయలు సంచిలో వేసుకున్నాను, గుడ్డు వాగులోకి విసిరాను, బువ్వ తుమ్మల్లోకి తోసి కుంకుమని చెప్పుతో మట్టిలో కలిపేశాను. తిరిగొచ్చేసరికి మంజుల సైకిళ్ళు కడిగే నల్లా దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"మూడు బాటల కాడ నిమ్మకాయలు చూసినవానే?"

"ఏం నిమ్మకాయలు?"

"కుంకుమ పెట్టి, గుడ్డు పెట్టి, ఎర్రబువ్వ పోసి. తొవ్వకు అడ్డంగ ఉండె. నువ్వు ఆ తొవ్వనే వచ్చినవ్ గదా."

"ఆ తొవ్వనే వచ్చిన. ఇప్పుడు రిబ్బన్లకు మల్ల పోయొచ్చిన. ఏం లేకుండె."

"జర మంచిగ యాది చేసుకో."

"ఏం లేకుండె అంటున్న గదనే. పొద్దుగాల ఏమన్న తిన్నవా? ఎండకు కండ్లు తిరిగినయేమో."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద ఒట్టు."

ఒక్క పూట ఓడిపోయి ఉంటే మంజుల మర్నాడు మళ్ళీ సైకిల్ ఎక్కేది. నిమ్మకాయలు పెట్టింది ఎవరో ఒక తల్లి అనుకుని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. ఆ ఒట్టు దాన్ని పడగొట్టింది. వాళ్ళ అమ్మని తీసుకుని అక్కడికి పోయింది. ఏమీ లేదు. మట్టి, మట్టి మీద మా చక్రాల గీతలు. అంజమ్మ చిన్నమ్మ నన్ను కూడా అడిగింది, ఆమెకి కూడా అదే చెప్పాను. అంతే. వద్దంటే అమాస నాడు పోయింది, లేనిది అగుపడ్డది, పిల్లకి గాలి తగిలింది అన్నారు. తాయెత్తు కట్టించారు. క్యాంపు మాన్పించారు. వాగు తొవ్వన పోవద్దన్నారు.

ఇప్పుడు మంజుల ముడిమ్యాల వైపు, ప్లాస్టిక్ కప్పి పూలు పెంచే పాలీహౌజ్‌లో పనిచేస్తుంది. వాగు తొవ్వన పోతే దగ్గర. అది ఊరు చుట్టి, రోడ్డెక్కి, ఆటో పట్టుకుని పోతుంది. అది కాదు నన్ను తినేది. అది ఇప్పుడు ప్రతిదీ పక్కవాళ్ళని అడుగుతుంది. బస్సు వస్తుంటే అది మన ఊరి బస్సేనా, నీకూ బోర్డు అట్లనే అగుపడుతున్నదా అని అడుగుతుంది. పొయ్యి ఆర్పిన్నా, నువ్వు చూసినవా అని చెల్లెల్ని అడుగుతుంది. ఎంత దూరం నుంచైనా ఏ రాయి కదులుతుందో చెప్పగలిగిన కళ్ళు అవి.

ఉద్యోగం నాకొచ్చింది. ట్రైనింగ్‌కి పోయొచ్చాను. ఇప్పుడు వణక్కుండా దిగుతాను, ఆ మాట కూడా చెప్పాలి, బాగానే దిగుతాను. పట్నం వాళ్ళని ఆ చీలిక దగ్గర ఆపి నీళ్ళు తాగిస్తాను. సార్ వెంట వస్తే కొత్తవాళ్ళకి అక్కడే ఆ కథ చెప్తాడు, ఊరి పిల్ల సొంత ఊళ్ళో తొవ్వ తప్పిన కథ. నవ్వుతారు. నేను నవ్వుతాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని మొదట్లో నవ్వాను. తర్వాత అలవాటుగా నవ్వాను. ఆ నవ్వు నా చెవుల్లో పడ్డప్పుడల్లా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. సార్‌ని కూడా ఒకటి కొట్టాలనిపిస్తుంది. ఎందుకు తప్పావమ్మా అని ఒక్కసారి, పక్కకి పిలిచి, నవ్వకుండా ఆయన అడిగి ఉంటే? అడగలేదు. ఊరి పిల్ల తప్పడం ఆయనకి వింతే కానీ బాధ కాదు. అయినా ఆయన్ని తిట్టుకుంటూ పోతే నా వంతు తగ్గుతుందా? తగ్గదు. తిట్టి చూశాను.

ఇదంతా ఇట్లాగే పోయేదేమో. మంజుల చెల్లెలు శిరీష పెద్దదయింది. బడి నుంచి వస్తూ క్యాంపు గేటు దగ్గర నిలబడి సైకిళ్ళని చూస్తుంటుంది. ఒకసారి ఎక్కించాను. సీటు వదిలి నడుం వెనక్కి జరిపింది, ఎవరూ చెప్పకుండానే. ఇంట్లో తెలిసి గొడవైంది. మొన్న మంజుల మా ఇంటికొచ్చింది, డబ్బా నిండా మిగిలిపోయిన చామంతులు తెచ్చింది, మా అవ్వకి ఇచ్చింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, మా శిరికి నువ్వే చెప్పు, నీ మాటైతే వింటది, ఆ తొవ్వ మా ఇంటోళ్ళకు అచ్చిరాదు అంది. నేను సరే అన్నాను. నా నోరు సరే అనింది. మంజుల నా చెయ్యి నొక్కి పోయింది.

అంటే ఇప్పుడు శిరీషని కూడా నా చేత్తోనే ఆపాలి. అదీ మంజుల నన్ను నమ్మి అడిగితే. ఆ నమ్మకం మీద నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. ఎందుకే నన్ను నమ్ముతావు, నీకు బుద్ధి లేదా అని అరవాలనిపించింది. నేను పేపర్ తీసుకుని కూర్చున్నది అప్పుడే.

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. చదువుకున్నాను. చెప్పలేను అనుకున్న మాట కళ్ళ ముందు అక్షరాల్లో ఉంది, ఇల్లేమీ కూలలేదు. మీకు చెప్పగలిగిన దాన్ని మంజులకి చెప్పకపోతే నా అంత పిరికిది ఉండదు అనిపించి, రాసింది మడిచి పెట్టేసి పాలీహౌజ్‌కి పోయాను.

మంజుల చేతులకి గ్లౌజులతో బయటికొచ్చింది. శిరి గురించి వచ్చాననుకుంది. నేను సుత్తి కొట్టలేదు, నా జన్మలో మొదటిసారి తక్కువ మాటల్లో చెప్పాను. పెట్టింది నేనే. తీసింది నేనే. ఒట్టు అబద్ధం.

తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. అది గ్లౌజులు ఒక్కో వేలే లాగి తీసింది. తర్వాత అడిగింది:

"అయితే ఆడ నిమ్మకాయలు ఉండె."

"ఉండె."

"గుడ్డు గూడ."

"గుడ్డు గూడ."

"నా కండ్లు మంచిగనే ఉండె."

నేను తల ఊపాను. చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది. మొహం ఎర్రబడింది, అప్పుడు చూశాను కోపం ఎట్లా ఉంటుందో. నాది కోపమే కాదు, నాది గొణుగుడు.

"మా అమ్మకు నేనే చెప్త. శిరి సంగతి మా ఇంట్ల మేం జూసుకుంటం. నువ్వు మా నడుమల రాకు. ఇంక మా గడప తొక్కకు," అని లోపలికి పోయింది. ప్లాస్టిక్ తెర దాని వెనక మూసుకుంది.

శిరీష తొక్కుతుందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. ఊళ్ళో ఈ మాట రేపటికి తెలుస్తుంది, మా అవ్వ నన్ను ఏం చేస్తుందో కూడా తెలియదు. సార్‌కి కూడా నేనే చెప్తాను, వచ్చే ఆదివారం ఆయన ఆ కథ మొదలుపెట్టినప్పుడు, అందరి ముందూ. ఉద్యోగం పోతే పోనీ. మంజుల నన్ను క్షమించలేదు. క్షమిస్తే ఇంకా మండేదేమో నాకు.

పాలీహౌజ్ నుంచి తిరిగొచ్చి బువ్వ తిన్నాను. ఏదీ అడ్డం పడలేదు. మంజుల ఆ పూట తిన్నదో లేదో తెలియదు, నేను మాత్రం రెండోసారి పెట్టించుకుని తిన్నాను. అందుకు నా మీద నాకు ఎంత కోపమొచ్చిందో.